చెక్క గోడల మీద లెగసీ కోడ్

ప్రోగ్రాముల గురించీ సర్వర్ల గురించీ రాసుకునే ఈ శీర్షికలో చెక్క గోడల గొడవేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని అమెరికాలో పాత ఇల్లు కొన్న మన సాఫ్ట్‌వేర్ మిత్రులు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ గోడల ముందు నిలబడి తల గోక్కున్నవాళ్ళే. పైగా, పగలు ఆఫీసులో పాత కోడ్‌తో పడే పాట్లకీ, సాయంత్రం ఇంట్లో పాత గోడతో పడే పాట్లకీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. రెండు చోట్లా ఎవరో, ఎప్పుడో, ఏదో కారణానికి ఒక పని చేసి వెళ్ళిపోయారు. డాక్యుమెంటేషన్ లేదు. అడుగుదామంటే మనిషి లేడు.

ఇక్కడ 1940ల నుంచి 1970ల దాకా కట్టిన ఇళ్ళలో గోడలకి చెక్క తొడగడం బాగా వాడుకలో ఉండేది. దీన్నే పేనెలింగ్ అంటారు. ఫామిలీ రూములో, బేస్‌మెంటులో, ఒక్కోసారి వంటింట్లో కూడా కనిపిస్తుంది. మనవాళ్ళకి సాధారణంగా కొత్త ఇల్లే కావాలి. కాని మంచి స్కూలు డిస్ట్రిక్టు, రైలు స్టేషనుకి దగ్గర, అందుబాటులో ధర అని మూడు కోరికలు కోరితే దేవుడు పాత ఇల్లే ఇస్తాడు. ఇచ్చాక, ఆ ముదురు రంగు గోడల్ని చూసి మనం అనే మొదటి మాట "పీకి పారేద్దాం". పాత ప్రోగ్రాం చూడగానే "మొత్తం మళ్ళీ రాసేద్దాం" అన్నట్టే. అలా మళ్ళీ రాసేద్దామని బయల్దేరిన ప్రాజెక్టుల్లో నేను కన్సల్టెంటుగా రెండు మూడింటిని దగ్గర నుంచి చూశాను. అందువల్ల ఆ మాట వినగానే నాకు కొంచెం గుబులు పుడుతుంది.

మేం ఫిలడెల్ఫియా శివార్లలో కొన్న ఇల్లు 1958లో కట్టినది. అందులో 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న ఫామిలీ రూముకి నాలుగు వైపులా, నేల నుంచి కప్పు దాకా పైన్ చెక్క. రంగు బాగా మాగిన నారింజ తొక్కలా ఉండేది. పాత ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ గదిలో సిగరెట్లు కాల్చారు. వాన పడిన రోజున తలుపు తీస్తే ఆష్‌ట్రేలో తల పెట్టినట్టే. మా అమ్మాయికి అప్పటికి రెండేళ్ళు. గోడ పట్టుకుని నడుస్తుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది.

ఒక కంట్రాక్టరు వచ్చి నాలుగు నిమిషాలు చూసి, "పీకేసి డ్రైవాల్ కొట్టేద్దాం" అని ఐదంకెల ఎస్టిమేటు ఇచ్చాడు. రెండో ఆయన "ఎందుకంత ఖర్చు, తెల్ల రంగు కొట్టేద్దాం" అన్నాడు. మా ఆవిడ ఇద్దరి మాటా విని, "వాసన పోవాలి. గోడ ఉంటుందో పోతుందో మీ ఇష్టం. దసరాకి బొమ్మల కొలువు మాత్రం ఈ గదిలోనే పెడతాను" అంది. క్యాలెండరు చూస్తే ఆరు వారాంతాలు ఉన్నాయి.

తెల్ల రంగు సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అదే అందరికీ సులువుగా కనబడే దారి. పైన్ చెక్కలో కొమ్మలు మొలిచిన చోట గుండ్రటి ముడులు ఉంటాయి. ఆ ముడుల్లో బంక ఉంటుంది. మామూలు ప్రైమరు వేసి పైన తెల్ల రంగు వేస్తే కొన్ని నెలల్లో ఆ ముడులు పసుపుపచ్చ మచ్చలై పైకి తేలతాయి. ఇంకో కోటు వేస్తే ఇంకో కొన్ని నెలలు. బగ్‌ని ట్రై-క్యాచ్‌లో పెట్టి మింగేసినట్టన్న మాట. దానికి మందు షెల్లాక్ కలిసిన ప్రైమరు. ఈ షెల్లాక్ అనే మాటని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంతకీ మొదట తెలుసుకోవలసింది గోడ దేనితో చేసిందని. పైకి ఒకేలా కనిపించే చెక్క గోడలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది నిజమైన పలకలు: ముప్పాతిక అంగుళం మందం, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో దూరేట్టు చేసినవి. రెండోది ప్లైవుడ్ షీటు: నాలుగడుగులు బై ఎనిమిదడుగులు, పావు అంగుళం లేదా అంతకంటే పల్చన, పైన అసలు చెక్క పొర ఒకటి అతికించి ఉంటుంది. ఆ పొర మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. మూడోది నొక్కిన చెక్క పొట్టు మీద చెక్క బొమ్మని అచ్చువేసిన కాగితమో, ప్లాస్టిక్ పొరో అంటించినది. దానిలో చెక్క అనేది ఫొటో మాత్రమే.

తెలుసుకోవడం తేలిక. బ్రేకరు ఆపేసి, ప్లగ్గు పాయింటు మూత విప్పితే గోడ కోసిన అంచు కనిపిస్తుంది. ఒకే చెక్కగా ఉంటే పలక, పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, అట్టలాగా గోధుమరంగు ముద్దగా ఉంటే అచ్చు బొమ్మ. మూత విప్పే ఓపిక లేకపోతే ముడుల్ని చూడండి. చెట్టు ఒకేలాంటి ముడిని రెండు సార్లు చెయ్యదు. గోడ మీద ఆ చివర ఉన్న ముడే అచ్చంగా ఈ చివర కూడా కనిపించిందంటే ఎవరో కాపీ-పేస్ట్ చేశారని అర్థం.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, అసలు పలకని ఉప్పు కాగితం పెట్టి రుద్దినా, యంత్రం పెట్టి రుద్దినా తట్టుకుంటుంది. ప్లైవుడ్ షీటు మీద యంత్రం పెడితే ఒక్క నిమిషంలో పై పొర దాటిపోయి అడుగు జిగురు కనిపిస్తుంది. ఇక దానికి అన్‌డూ లేదు. మూడో రకాన్ని సబ్బు నీళ్ళతో తుడవడం, లేదా రంగు వెయ్యడం. అంతే. కాలిఫోర్నియాలో ఉన్న మిత్రులకి ఒక మాట: జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు 1950, 60 దశకాల్లో పాలో ఆల్టో, సన్నీవేల్ ప్రాంతాల్లో కట్టించిన ఇళ్ళలో గోడలకి వాడింది లవాన్ చెక్క పలకలు. దాన్నే ఫిలిప్పీన్ మహాగనీ అని కూడా అంటారు. అవి రెండో రకం. ఐక్లర్ ఇల్లు అమ్మేవాళ్ళు ఆ పాత చెక్క చెదరకుండా ఉంటే ఆ సంగతి ప్రకటనలో ప్రత్యేకంగా రాసుకుంటారు. కాబట్టి ఆ ఇల్లు మీ చేతికి వస్తే తొందరపడి సాండింగ్ యంత్రం అద్దెకి తెచ్చుకోకండి.

మా గోడ మొదటి రకం. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

రెండోది సీసం. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇల్లయితే రంగులోనే కాదు, వార్నీషులో కూడా సీసం ఉండే అవకాశం ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది నిర్లక్ష్యం చేసే విషయం కాదు. రుద్దితే వచ్చే పొడి చాలా ప్రమాదం. అందుకని ఉప్పు కాగితం ముట్టుకునే ముందు మూడు చోట్ల నుంచి చిన్న చిన్న పెచ్చులు తీసి ల్యాబుకి పంపించాను. గోడ పూతలో సీసం లేదని వచ్చింది. కిటికీ చట్రాలకి వేసిన తెల్ల రంగులో మాత్రం ఉందని వచ్చింది. ఆ పని లైసెన్సున్న వాళ్ళకి అప్పగించి, అది అయ్యేదాకా ఆ గదికి తాళం వేశాం. ఆరు వారాంతాల్లో ఒకటి అలా పోయింది. గోడ వెనకా, నేల కిందా వాడిన పాత జిగుర్లలో, పలకల్లో ఆస్బెస్టాస్ కూడా ఉండవచ్చు. గోడని పీకకపోతే దాని జోలికి వెళ్ళే పని ఉండదు. "పీకి పారేద్దాం" అన్న కంట్రాక్టరు ఎస్టిమేటులో ఈ రెండు పరీక్షల ఊసూ లేదు.

ఇప్పుడు మురికి. గోడ మీది నలుపంతా చెక్కదనుకుంటాం. నిజానికి అందులో చాలా భాగం చెక్కది కాదు, దాని పైనున్న పూతదీ కాదు. పూత మీద అరవై ఏళ్ళుగా పేరుకున్నది. సిగరెట్ పొగలోని జిడ్డు, మైనం, సీసాల్లో అమ్మే ఫర్నిచర్ పాలిషులు, వంటింటి ఆవిరి. మనకి ఇంకొకటి అదనం: పోపు. ఇక్కడి చాలా ఇళ్ళలో పొయ్యి మీది ఫ్యాను గాలిని బయటికి పంపదు. ఒక జల్లెడ గుండా లాగి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. మరిగిన నూనె ఆవిరి గోడ మీద సన్నటి పొరగా పడుతుంది. గాలి తగిలి కొన్నాళ్ళకి అది బంకలా గట్టిపడుతుంది. దాని మీద దుమ్ము. దాని మీద మళ్ళీ నూనె.

దీన్ని తియ్యడానికి ఒక వరస ఉంది: తక్కువ బలమైన దానితో మొదలు పెట్టాలి, అది పని చెయ్యకపోతేనే తర్వాతి దానికి వెళ్ళాలి. మెత్తటి బ్రష్షుతో వాక్యూమ్ చేసి, గోరువెచ్చటి నీళ్ళలో నాలుగైదు చుక్కల అంట్లు తోమే సబ్బు వేసి, గుడ్డని గట్టిగా పిండి తుడవాలి. వెంటనే పొడి గుడ్డతో ఒత్తాలి. పలకల మధ్య గాళ్ళలో నీళ్ళు నిలిస్తే చెక్క ఉబ్బుతుంది. ఇంకో కిటుకు: గోడని కింద నుంచి పైకి తుడుచుకుంటూ వెళ్ళాలి. పై నుంచి మొదలు పెడితే మురికి నీళ్ళు ఎండిన మురికి మీదుగా కారి చారలు పడతాయి, ఆ చారలు ఒక పట్టాన వదలవు. తడిసిన శుభ్రమైన గోడ మీద కారితే తుడిస్తే పోతాయి.

సబ్బుకి లొంగని మైనానికీ జిడ్డుకీ మినరల్ స్పిరిట్స్. ఇది పెట్రోలియం నుంచి వచ్చే ద్రవం, ఎండిన పూతని మామూలుగా ఏమీ చెయ్యదు, మైనాన్ని మాత్రం కరిగిస్తుంది. చేతికి తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. మొదటి రోజు సాయంత్రానికి నాలుగు పలకలే అయ్యాయి కాని, బకెట్లో నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. అమోనియా ఉన్న క్లీనర్లు త్వరగా పని చేస్తాయని అంటారు. కాని పూత ఏదో తెలియకుండా అమోనియా వాడకూడదు. షెల్లాక్ అయితే మురికితో పాటు పూత కూడా ఊడి వస్తుంది.

మరి పూత ఏదో ఎలా తెలుస్తుంది? ఈ పనంతటిలో నాకు బాగా నచ్చినది ఈ పరీక్షే. దూది పుల్ల ఒకటి డినేచర్డ్ ఆల్కహాల్‌లో ముంచి, సోఫా వెనక ఎవరికీ కనిపించని చోట గోడ మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. పూత మెత్తబడి జిగురుగా పుల్లకి అంటుకుంటే అది షెల్లాక్. ఏమీ కాకపోతే ఇంకో చోట లాకర్ థిన్నరుతో అదే పని చెయ్యండి. కరిగితే లాకర్. ఊరికే ముడతలు పడినా, అసలు ఉలక్కపోయినా, వార్నీషో పాలియురెథేనో అయి ఉండాలి. రెండు దూది పుల్లలు, ఐదు నిమిషాలు. ఎపిఐకి రెండు రిక్వెస్టులు పంపి వచ్చిన ఎర్రర్ కోడుని బట్టి లోపల ఏముందో ఊహించడం లాంటిదే. తర్వాత చెయ్యబోయే ప్రతి పనీ ఈ జవాబు మీద ఆధారపడి ఉంటుంది. ఇద్దరు కంట్రాక్టర్లలో ఒక్కరు కూడా ఈ పరీక్ష చెయ్యలేదు.

మా గోడ ఆల్కహాల్‌కి కరిగింది. ఆ రాత్రి ఫోనులో మా పెదనాన్నకి ఈ సంగతి చెబితే ఆయనకి పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు. "అది స్పిరిట్ పాలిషేరా! మన వీధి తలుపులకి కొట్టించింది అదే. లక్క" అన్నాడు.

అవును, లక్కే. ఇంగ్లీషు వాళ్ళు షెల్లాక్ అనే దానిలో లాక్ మన సంస్కృతం లాక్షా నుంచి వచ్చినదే. లాకర్ అనే మాటకి కూడా మూలం అదే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చేరే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడుని గీకి, కరిగించి, వడగట్టి, పల్చటి రేకులుగా లాగుతారు. ఆ రేకుల్ని ఆల్కహాల్‌లో కరిగిస్తే పాలిషు తయారు. ఇప్పటికీ భారతదేశమే దీనికి పెద్ద వనరు. అందులో ఎక్కువ భాగం జార్ఖండ్ నుంచి వస్తుంది. వినైల్ రావడానికి ముందు 78 ఆర్‌పిఎం గ్రామఫోను ప్లేట్లు చేసిందీ దీనితోనే. ఇక్కడ సూపర్ మార్కెట్లో మెరిసే చాక్లెట్ బిళ్ళల మీద "కన్‌ఫెక్షనర్స్ గ్లేజ్" అని రాసి ఉంటుందే, అదీ ఇదే. శుద్ధ శాకాహారులు ఇక్కడ కొంచెం ఇబ్బంది పడవచ్చు.

మా అమ్మమ్మగారి ఊరు ఎలమంచిలి. ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్ళినప్పుడు, అంకుడు కర్రని తరిమెన మీద గిర్రున తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించడం చూశాను. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి అద్దుకుపోయేది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిసేది. ఇన్నేళ్ళ తర్వాత పెన్సిల్వేనియాలో ఒక అమెరికన్ ఇంటి గోడకి అదే లక్క తగలడం నాకు కొంచెం విచిత్రంగానే అనిపించింది. ఏ అడవిలోంచి, ఏ ఓడ ఎక్కి వచ్చిందో!

షెల్లాక్ అని తేలడం వల్ల పని సగం తగ్గింది. ఎందుకంటే దానికి రెండు గొప్ప గుణాలున్నాయి. ఒకటి, కొత్త షెల్లాక్ పాత షెల్లాక్‌లో కరిగి కలిసిపోతుంది. వార్నీషు అలా కాదు. కొత్త పొర పాత పొర మీద విడిగా కూర్చుంటుంది, అందుకే గరుకు చేసి పట్టు ఇవ్వాలి. షెల్లాక్‌ని ఒలిచే పనే లేదు. గీతలు పడ్డ చోట ఆల్కహాల్‌తో తడిపిన బ్రష్షు మెల్లగా ఆడిస్తే పాత పూతే కరిగి మళ్ళీ సర్దుకుంటుంది. ఇంతకంటే మంచి బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ నేను ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ చూడలేదు. రెండోది, షెల్లాక్ వాసనని లోపలే బంధిస్తుంది. అగ్నిప్రమాదం జరిగిన ఇళ్ళలో పొగ వాసన పోవడానికి షెల్లాక్ ప్రైమర్లనే వాడతారు. మా ఆవిడ పెట్టిన షరతుకి జవాబు గోడ మీదే ఉందన్న మాట.

పూత ఒలవక తప్పని వాళ్ళకి ఒక్క హెచ్చరిక. ఒకప్పుడు రంగు ఒలిచే డబ్బాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది. తలుపులు మూసిన గదుల్లో దాన్ని వాడుతూ చనిపోయిన వాళ్ళున్నారు. మామూలు వినియోగదారులకి అలాంటి డబ్బాలు అమ్మడాన్ని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2019లో నిషేధించింది. గరాజ్‌లో పాత యజమాని వదిలేసిన డబ్బా కనిపిస్తే "బాగా పని చేస్తుందట" అని వాడకండి. కౌంటీ వాళ్ళు ప్రమాదకరమైన చెత్త తీసుకునే రోజున ఇచ్చెయ్యండి.

చెయ్యవలసిన పని ఇక చెప్పుకోదగ్గంత ఏమీ లేదు. గోడంతా 320 నంబరు ఉప్పు కాగితంతో చెక్క చారల వెంట తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, షెల్లాక్ రెండు కోట్లు వేశాను. గాలనుకి రెండు పౌన్ల రేకులు, అంటే లీటరుకి సుమారు 240 గ్రాములు. మైనం తీసేసిన రకం షెల్లాక్ కొనండి. పాత ఫర్నిచర్ స్ప్రేల్లోని సిలికోన్ చెక్కలో ఉండిపోతే కొత్త పూత మీద చేప కళ్ళలాంటి గుంటలు పడతాయి; ఈ రకం షెల్లాక్ ఆ సిలికోన్‌ని అడుగునే ఆపేస్తుంది. పైగా దీని మీద పాలియురెథేన్ కూడా పట్టుతుంది; మైనం ఉన్న దాని మీద సరిగ్గా పట్టదు. షెల్లాక్‌కి వేడీ, ఆల్కహాలూ, అమోనియా పడవు. అందుకని వంటింటి వైపు గోడకి మాత్రం షెల్లాక్ మీద నీళ్ళలో కలిసే పాలియురెథేన్ రెండు కోట్లు వేశాను. బ్రష్షు వేగంగా నడవాలి, వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదు, అరగంటలో ఆరిపోతుంది. పని చేసేటప్పుడు దగ్గరలో గ్యాస్ వాటర్ హీటరు పైలట్ మంట ఉంటే ఆర్పెయ్యాలి. ఆల్కహాల్ ఆవిరికి మంట చాలు.

"లక్క ఇల్లు కడుతున్నావట్రా?" అని పెదనాన్న ఫోనులో ఆటపట్టించాడు. పురోచనుడి ఇల్లు మనందరికీ తెలుసు కదా. కాని ఈ పనిలో నిజంగా భయపడవలసింది ఆరిపోయిన లక్క గురించి కాదు, నూనె గుడ్డ గురించి.

పాత చెక్క పొడిబారింది, దానికి నూనె పట్టించాలి అని చాలామంది చెబుతారు. మరిగించిన అవిసె నూనె, కొంచెం టర్పెంటైన్ కలిపి గుడ్డతో రుద్దమంటారు. పూత ఉన్న చెక్కకి నూనె లోపలికి పోదు, పైన జిడ్డుగా కూర్చుని దుమ్ము పట్టడానికి మాత్రం పనికి వస్తుంది. అది పోనివ్వండి. అవిసె నూనె ఆరడం అంటే నీళ్ళు ఆరినట్టు ఆవిరైపోవడం కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. గోడ మీద పల్చగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలోకి పోతుంది. అదే నూనె ఉన్న గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే, వేడి బయటికి పోయే దారి లేక, వేడికి చర్య వేగం పెరిగి, వేగానికి వేడి ఇంకా పెరిగి, అగ్గిపుల్ల అవసరం లేకుండా కొన్ని గంటల్లో గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. ఆపే కండిషన్ లేని లూప్.

ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగే విషయం కాదు. మా ఊళ్ళోనే జరిగింది. 1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి. ఫిలడెల్ఫియా సిటీ హాలు ఎదురుగా ఉన్న వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు భవనం. 22వ అంతస్తులో చెక్క పేనెలింగ్‌ని శుభ్రం చేసి మెరుగు పెడుతున్న పనివాళ్ళు అవిసె నూనె గుడ్డల్ని వదిలి ఇంటికి వెళ్ళారు. గుడ్డలు అంటుకున్నాయి. మంట 18 గంటలకి పైగా మండింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

ఆ ప్రమాదం మీద వచ్చిన నివేదిక మన పోస్ట్-మార్టం రిపోర్టుల్లాగే ఉంటుంది. ఆ భవనానికి ముఖ్యమైన కరెంటు లైనూ, అది పోతే ఆదుకోవలసిన రెండో లైనూ రెండూ ఒకే దారిలో పైకి వెళ్ళాయి. మంటకి రెండూ పోయాయి. అత్యవసర జనరేటరు పని చెయ్యలేదు. లిఫ్టులు లేవు. నీటి గొట్టాల్లో ప్రెషర్ తగ్గించే వాల్వుల్ని సరిగ్గా అమర్చలేదు, దానితో గొట్టాల్లోంచి చాలినంత ధార రాలేదు. సిబ్బందిని లోపలి నుంచి వెనక్కి పిలిచేశాక, 30వ అంతస్తుకి చేరిన మంటని ఆపింది ఆ అంతస్తులో ఉన్న స్ప్రింక్లర్లు, మొత్తం పది. ఆ భవనంలో అన్ని అంతస్తుల్లో స్ప్రింక్లర్లు లేవు. తర్వాత ఎనిమిదేళ్ళు ఆ కాలిన భవనం ఊరి నడిబొడ్డున అలాగే నిలబడి ఉంది. 1999లో కూల్చేశారు. బ్యాకప్ సర్వర్‌ని అసలు సర్వర్ ఉన్న ర్యాక్‌లోనే పెట్టేవాళ్ళకి ఈ నివేదిక చదివి వినిపించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

కాబట్టి నూనె గుడ్డ ఉంటే, అవిసె నూనె కానివ్వండి, టంగ్ ఆయిల్ కానివ్వండి, నూనెతో చేసిన రంగు కానివ్వండి, దాన్ని విప్పి, మడతల్లేకుండా, బయట సిమెంటు మీదో కంచె మీదో ఒక్కొక్కటిగా ఆరబెట్టాలి. బిరుసెక్కాక పారెయ్యవచ్చు. లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి గట్టిగా మూత పెట్టాలి. గరాజ్‌లో ప్లాస్టిక్ చెత్త సంచీలో మాత్రం ఎప్పుడూ వెయ్యకూడదు. నేను అవిసె నూనె వాడకపోయినా, మినరల్ స్పిరిట్స్ గుడ్డలతో సహా అన్నిటినీ పెరటి కంచె మీద ఆరేశాను. పక్కింటాయన కంచె మీంచి చూసి, మీ వాళ్ళలో ఇది ఏదైనా పండగా అని అడిగాడు.

కన్సల్టెంటుని కదా, గంటలు రాసుకునే జబ్బు పోదు. పరీక్షలకి 5 గంటలు, శుభ్రం చెయ్యడానికి 31, ఉప్పు కాగితానికి 7, పూతకి 12, సర్దుకోవడానికి 6, మొత్తం 61. శుభ్రం చెయ్యడమే సగానికి పైన. షెల్లాక్ రెండు గాలన్లకి కొంచెం పైన పట్టింది. బిల్లు ఎవరికి పంపాలో తెలియలేదు కాని, కంట్రాక్టరు అడిగిన దానిలో పదో వంతు కూడా ఖర్చు కాలేదు.

గోడ తెల్లబడిపోతుందని అనుకోకండి. నారింజ రంగులో కొంత పొగదీ, మురికిదీ, అది పోయింది. మిగిలినది పైన్ చెక్క వెలుతురు తగిలి ముదిరిన రంగు, అది ఎంత కడిగినా పోదు. లోతుగా చిత్రిక పడితే పోతుంది కాని, అరవై ఏళ్ళ వన్నెని పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు. ఇప్పుడు తేనె రంగులో ఉంది. పైన్ వెలుతురుకి ముదురుతుంది, వాల్‌నట్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, వెలుతురుకి వెలిసిపోతుంది. అందువల్ల మా గోడ మీద పాత ఇంటివాళ్ళు ఫొటోలు తగిలించిన మూడు చోట్ల లేత రంగు దీర్ఘ చతురస్రాలు ఉండిపోయాయి. వాటి మీద స్టెయిన్ రాసి కలిపెయ్యమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది చెయ్యకండి. చుట్టూ ఉన్న చెక్క ఎలాగూ మారుతూనే ఉంటుంది, రాసిన రంగు దానితో పాటు మారదు. రెండేళ్ళకి లేత చతురస్రం బదులు ముదురు చతురస్రం తయారవుతుంది. వాటి మీద ఏమీ తగిలించకుండా, కిటికీ తెరలు తీసి వదిలేస్తే చాలు. లేత చెక్క త్వరగా ముదురుతుంది, ముదిరినది నెమ్మదిగా.

బొమ్మల కొలువు ఆ వైపు గోడకే పెట్టాం. మెట్ల వెనక నుంచి ఒక చతురస్రం కొంచెం కనిపిస్తూనే ఉంది. వచ్చిన పేరంటాళ్ళలో ఇద్దరు ఈ చెక్క ఎక్కడ కొన్నారని మా ఆవిడని అడిగారట. వాసన గురించి ఎవరూ అడగలేదు.